పక్షుల లెక్కతో అడవికి కాపు కాసిన సలీం అలీ

లంబాలైన్‌లోని వీర సావర్కర్ విమానాశ్రయంలో దిగబోయే విమానం కిటికీలోంచి మొదట సముద్రం కనిపిస్తుంది. ఆ వెంటనే నీటి అంచు దాకా దిగివచ్చిన దట్టమైన అడవి కనిపిస్తుంది. అండమాన్ నికోబార్ దీవుల భూభాగం 8,249 చదరపు కిలోమీటర్లు. అందులో 80 శాతానికి పైగా నేటికీ అడవే. దానిలో అత్యధిక భాగం ప్రభుత్వ భూమి. ఎవరూ నాటకుండా, ఎవరూ నీరు పోయకుండా శతాబ్దాలుగా తనంతట తాను పెరిగిన అడవి అది.

ఆ అడవి ఇంతగా మిగిలి ఉండటానికి గల కారణాల్లో 2002లో సర్వోన్నత న్యాయస్థానం ఇచ్చిన ఒక ఉత్తర్వు ప్రధానమైనది. ఆ ఉత్తర్వు కోసం న్యాయస్థానం మెట్లెక్కిన మూడు సంస్థల్లో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ ఒకటి. ఆ సంస్థకు అరవై ఏళ్లకు పైగా ఊపిరిగా నిలిచిన వ్యక్తి డాక్టర్ సలీం అలీ. తీర్పు వెలువడేనాటికి ఆయన కన్నుమూసి దాదాపు 15 ఏళ్లయింది. అయినా పాత అడవి విలువను కన్నీటితో కాక లెక్కలతో నిరూపించాలన్న పద్ధతిని దేశానికి నేర్పినవారిలో ఆయనది ముందువరుస.

ఒకే ఏడాది, రెండు ఆరంభాలు

1883వ సంవత్సరం ఈ కథలో రెండు చోట్ల కనిపిస్తుంది. ఆ ఏడాది బొంబాయి నగరంలో ప్రకృతి పరిశీలనపై ఆసక్తిగల ఎనిమిది మంది కలిసి ఒక సంఘాన్ని స్థాపించారు. తాము సేకరించిన నమూనాలను ఒకచోట భద్రపరచుకోవడం, తమ పరిశీలనలను ఒకరితో ఒకరు పంచుకోవడం వారి ఉద్దేశం. అదే బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ.

అదే ఏడాది పోర్ట్ బ్లెయిర్ పక్కనున్న చాథం దీవిలో రంపపు మిల్లు ప్రారంభమైంది. నేటి శ్రీ విజయపురం వాసులకు చిరపరిచితమైన మిల్లు ఇది. పడౌక్, గర్జన్ వంటి మహావృక్షాల దుంగలు అక్కడికి చేరి, పలకలై ఓడలెక్కేవి. తరువాతి వందేళ్లలో సంఘం ఒక దారిన, మిల్లు ఒక దారిన సాగాయి. చివరికి ఆ రెండు దారులూ న్యాయస్థానంలో ఎదురుపడ్డాయి. మధ్యలో గడిచిన కాలంలో చాలా భాగం సలీం అలీ జీవితమే.

పిచ్చుక గొంతుపై పసుపు మచ్చ

సలీం మొయిజుద్దీన్ అబ్దుల్ అలీ 1896 నవంబర్ 12న బొంబాయిలో జన్మించారు. ఆ ఇంటి పిల్లల్లో ఆయనే అందరికంటే చిన్నవారు. ఏడాది వయసులో తండ్రిని, మూడేళ్ల వయసులో తల్లిని కోల్పోయారు. మేనమామ అమీరుద్దీన్ త్యాబ్జీ, ఆయన భార్య హమీదా బేగం ఆ పిల్లలను తమ ఇంట పెంచారు. అమీరుద్దీన్‌కు వేటపై మక్కువ. ఆనాటి సంపన్న కుటుంబాల్లో అది సహజమైన వినోదం. బాలుడైన సలీం చేతికి కూడా చిన్న గాలి తుపాకి వచ్చింది.

ఒకనాడు ఆ తుపాకితో కొట్టిన పిచ్చుక గొంతుపై పసుపు మచ్చ కనిపించింది. ఊరపిచ్చుకకు అలాంటి మచ్చ ఉండదు. అదేమి పక్షో మేనమామ చెప్పలేకపోయారు. తాను సభ్యుడిగా ఉన్న నేచురల్ హిస్టరీ సొసైటీ గౌరవ కార్యదర్శి డబ్ల్యు.ఎస్. మిల్లార్డ్ వద్దకు అబ్బాయిని పంపించారు. బెరుకుగా లోపలికి అడుగుపెట్టిన ఆ పిల్లవాడికి మిల్లార్డ్ ఓపికగా పక్షి పేరు చెప్పారు. అరలు లాగి, అందులో వరుసగా పేర్చి ఉన్న వందలాది పక్షుల నమూనాలను చూపించారు. చదువుకోవడానికి పుస్తకాలిచ్చారు. పక్షి చర్మాన్ని చెడకుండా భద్రపరిచే విద్యను నేర్చుకునే ఏర్పాటు చేశారు.

ఆ రోజుతో ఆ బాలుడి వేట ఆగిపోలేదు. ఆ తరంలో పక్షిశాస్త్రం తుపాకి తోడు లేకుండా సాగేది కాదు. అయితే, చంపిన పక్షికి పేరు, తేదీ, చోటు రాసిపెట్టాలన్న క్రమశిక్షణ మాత్రం ఆయనకు అక్కడే మొదలైంది. జీవితమంతా ఆయన వెంట నిలిచింది ఆ రాతపని. వయసు పెరిగేకొద్దీ తుపాకి అవసరం తగ్గుతూ వచ్చింది.

అండమాన్ సముద్రపు ఆవలి ఒడ్డు

సలీం చదువు సాఫీగా సాగలేదు. అనారోగ్యం వల్ల, లెక్కలంటే ఉన్న భయం వల్ల కళాశాల మొదటి ఏడాదిలోనే ఆగిపోయింది. 1914లో, మొదటి ప్రపంచ యుద్ధం మొదలైన కాలంలో, కుటుంబ వ్యాపారాన్ని చూసుకోవడానికి ఆయన బర్మాలోని తవాయ్ ప్రాంతానికి వెళ్లారు. అక్కడ ఆ కుటుంబానికి టంగ్‌స్టన్ ఖనిజ వ్యాపారం, కలప వ్యాపారం ఉండేవి.

తవాయ్ ఉన్నది అండమాన్ సముద్రానికి తూర్పు ఒడ్డున. అదే సముద్రానికి పడమట అండమాన్ దీవులు. రెండు తీరాల్లోనూ వాన పుష్కలం. రెండు తీరాల్లోనూ గర్జన్ జాతి వృక్షాలు ఆకాశాన్నంటే అడవులు. అంటే, తరువాతి కాలంలో అడవి నరికివేతపై పోరాడిన సంస్థకు ముఖచిత్రంగా నిలిచిన వ్యక్తి, యౌవనంలో ఆ అడవిని కలప వ్యాపారి కుటుంబ సభ్యుడిగానే మొదట చూశారు.

వ్యాపారం ఆయనకు అబ్బలేదు. అడవి అబ్బింది. గనుల లెక్కల కంటే చెట్ల కొమ్మల మీదే ఆయన దృష్టి ఎక్కువగా ఉండేది. బర్మా అటవీశాఖలో పనిచేస్తున్న అధికారులతో పరిచయమై, వారితో కలిసి తిరుగుతూ అడవిని చదవడం నేర్చుకున్నారు. 1917లో బొంబాయికి తిరిగివచ్చి సెయింట్ జేవియర్స్ కళాశాలలో జంతుశాస్త్రం చదివారు. 1918లో దూరపు బంధువైన తెహమీనాను వివాహమాడారు. పక్షుల వెంట తిరిగే భర్త జీవితాన్ని బరువుగా కాక తన జీవితంగానే స్వీకరించిన సహచరి ఆమె.

ఉద్యోగం పోయింది, గిజిగాడు దొరికాడు

భారత జంతు సర్వేక్షణ సంస్థలో పక్షి శాస్త్రవేత్త పదవి ఖాళీ అయినప్పుడు సలీం అలీ దరఖాస్తు చేసుకున్నారు. విశ్వవిద్యాలయ పట్టా లేదన్న కారణంగా ఆ పదవి దక్కలేదు. 1926లో బొంబాయి ప్రిన్స్ ఆఫ్ వేల్స్ మ్యూజియంలో గైడ్ లెక్చరర్‌గా చేరారు. రెండేళ్ల తరువాత సెలవు పెట్టి జర్మనీ వెళ్లి, బెర్లిన్‌లో ప్రఖ్యాత పక్షి శాస్త్రవేత్త ఎర్విన్ స్ట్రేజ్‌మాన్ వద్ద శిక్షణ పొందారు. 1930లో తిరిగివచ్చేసరికి నిధుల కొరతతో మ్యూజియం ఆ ఉద్యోగాన్నే రద్దు చేసింది.

ఉద్యోగం లేని ఆ దంపతులు బొంబాయికి సమీపంలోని కిహీం అనే తీరగ్రామానికి మకాం మార్చారు. ఇంటి దగ్గరే ఒక చెట్టుకు గిజిగాళ్ల గూళ్లు వేలాడేవి. నెలల తరబడి కూర్చుని సలీం అలీ వాటిని గమనించారు. మగ గిజిగాడు గూటిని సగం వరకు అల్లి ఆగుతుంది. ఆడపక్షి వచ్చి పరిశీలించి, నచ్చితేనే అందులో ప్రవేశిస్తుంది. ఆ తరువాతే మగపక్షి గూటిని పూర్తి చేస్తుంది. అది పూర్తికాగానే మరో గూటికి శ్రీకారం చుట్టి, మరో జతను వెతుక్కుంటుంది. ప్రతి భారతీయ పల్లెకూ తెలిసిన పక్షి గురించి ఎవరూ రాసిపెట్టని సంగతి ఇది. 1930ల తొలినాళ్లలో వెలువడిన ఆ వ్యాసం ఆయనకు పేరు తెచ్చింది.

నిజాం రాజ్యంలో పక్షుల జనాభా లెక్క

జీతం ఇచ్చే కొలువు లేకపోవడంతో సలీం అలీ ఒక ఉపాయం ఆలోచించారు. పక్షుల గురించి శాస్త్రీయ సమాచారం లేని సంస్థానాలు దేశంలో అనేకం ఉన్నాయి. ప్రయాణ ఖర్చులు భరిస్తే చాలు, పారితోషికం లేకుండా సర్వే చేసిపెడతానని ఆ సంస్థానాలకు ప్రతిపాదించారు. ఆ వరుసలో తొలి పెద్ద సర్వే జరిగింది తెలుగువారి నేలపైనే. 1931, 32 సంవత్సరాల్లో హైదరాబాద్ రాజ్యంలో పక్షుల సర్వే సాగింది. నల్లమలలోని అమ్రాబాద్ కొండల వంటి దట్టమైన అడవుల్లో గుడారాలు వేసుకుని, ఎడ్లబండ్లపై సామాను మోయిస్తూ ఆ దంపతులు తిరిగారు. నేడు పులుల అభయారణ్యంగా పేరొందిన అమ్రాబాద్ అడవి పక్షుల గురించి క్రమపద్ధతిలో సాగిన తొలి లెక్కల్లో అది ఒకటి.

ఆ సర్వేల్లో ప్రతి పక్షికీ ఒక చీటీ ఉండేది. ఎక్కడ, ఏ రోజున, ఎంత ఎత్తున, ఏ రకం చెట్టుపై కనిపించింది, ఏమి తిన్నది, గూడు కట్టే కాలమా కాదా అన్న వివరాలన్నీ అందులో చేరేవి. అంతకు ముందటి పుస్తకాల్లోని తప్పులను పేరు లేని ఒక భారతీయుడు ఎత్తిచూపడం బ్రిటిష్ పక్షి శాస్త్రవేత్త హ్యూ విస్లర్‌కు మొదట్లో రుచించలేదు. ఆధారాలు చూశాక ఆయనే సలీం అలీకి ఆప్తమిత్రుడయ్యారు. హైదరాబాద్ సర్వే ఫలితాలు విస్లర్ వివరణలతో సొసైటీ పత్రికలో ప్రచురితమయ్యాయి.

తరువాత 1933లో తిరువాంకూరు, కొచ్చిన్ సంస్థానాల సర్వే వచ్చింది. పడమటి కనుమల సతత హరితారణ్యాన్ని సలీం అలీ క్షుణ్ణంగా చూసింది అప్పుడే. పెరియార్ నది ఒడ్డునున్న తట్టేక్కాడ్ అడవిలోని పక్షి సంపద ఆయనను అబ్బురపరిచింది. ఆ రాతలే ఆధారంగా యాభై ఏళ్ల తరువాత, 1983లో, కేరళ ప్రభుత్వం ఆ అడవిని పక్షుల అభయారణ్యంగా ప్రకటించింది. నేడది ఆయన పేరుతోనే ఉంది.

1939లో ఒక చిన్న శస్త్రచికిత్స తరువాత తెహమీనా మరణించారు. సంతానం లేని సలీం అలీ మళ్లీ వివాహం చేసుకోలేదు. సోదరి ఇంట ఉంటూ, ఏడాదిలో చాలా భాగం అడవుల్లోనే గడిపారు.

పుస్తకం నుంచి పాలకుల దాకా

1941లో వెలువడిన ఆయన గ్రంథం ది బుక్ ఆఫ్ ఇండియన్ బర్డ్స్, చిత్రాల సాయంతో సామాన్యుడు కూడా పక్షిని గుర్తుపట్టేలా రాసినది. దేశంలో పక్షి పరిశీలన ఒక అలవాటుగా వ్యాపించడానికి ఆ పుస్తకమే పునాది. జవహర్‌లాల్ నెహ్రూ, ఇందిరాగాంధీ కూడా దాని పాఠకులే. స్వాతంత్ర్యానంతరం సొసైటీ ఆర్థికంగా కుంగిపోయినప్పుడు సలీం అలీ నేరుగా నెహ్రూను ఆశ్రయించి సహాయం సాధించారు. రాజస్థాన్‌లోని భరత్‌పూర్ చిత్తడి నేలను ఎండగట్టి సాగుభూమిగా మార్చాలన్న ఒత్తిడి వచ్చినప్పుడు కూడా ఢిల్లీ దాకా వెళ్లి అడ్డుకున్నారు.

1950లో స్వీడన్‌లోని ఉప్సలాలో జరిగిన అంతర్జాతీయ పక్షి శాస్త్ర మహాసభకు వెళ్తూ ఆయన తన మోటార్‌సైకిల్‌ను కూడా ఐరోపాకు తీసుకెళ్లారు. మోటార్‌సైకిళ్లంటే అంత పిచ్చి. అమెరికా శాస్త్రవేత్త డిల్లన్ రిప్లీతో కలిసి రచించిన భారత ఉపఖండ పక్షుల బృహద్గ్రంథం 1968 నుంచి 1974 వరకు 10 సంపుటాలుగా వెలువడింది. 1958లో పద్మభూషణ్, 1976లో పద్మవిభూషణ్ ఆయనను వరించాయి. 1976లోనే లభించిన జె. పాల్ గెట్టీ అంతర్జాతీయ పురస్కారపు సొమ్ము 50 వేల డాలర్లతో సొసైటీలో ప్రకృతి సంరక్షణ నిధిని నెలకొల్పారు.

సైరంధ్రీవనం

ఎనిమిది పదుల వయసులో సలీం అలీ ముందు అతి పెద్ద పరీక్ష నిలిచింది. కేరళలోని పాలక్కాడ్ జిల్లాలో, నీలగిరులకు ఆనుకుని కుంతిపుళ నది ప్రవహించే ఒక లోయ ఉంది. స్థానికులు దానిని సైరంధ్రీవనం అంటారు. విరాటుని కొలువులో ద్రౌపది ధరించిన పేరు అది. నదికి కుంతి పేరు, వనానికి ద్రౌపది పేరు పెట్టుకుని అక్కడి ప్రజలు ఆ లోయను భారతకథతో ముడివేసుకున్నారు. బయటి ప్రపంచానికి అది సైలెంట్ వ్యాలీ.

ఆ లోయ 20వ శతాబ్ది ఆరంభం నుంచి ప్రభుత్వ రిజర్వు అడవి. రిజర్వు అన్నంత మాత్రాన గొడ్డలి ఆగలేదు. 1927 నుంచి 1976 దాకా కొన్ని భాగాల్లో అటవీశాఖ పర్యవేక్షణలోనే చెట్ల నరికివేత సాగింది. చేరుకోవడం కష్టం కావడంతో లోయ నడిబొడ్డు మాత్రం చాలావరకు చెక్కుచెదరలేదు. 1973లో ప్రణాళికా సంఘం అక్కడ జలవిద్యుత్ కేంద్రానికి ఆమోదం తెలిపింది. నదికి అడ్డంగా ఆనకట్ట కడితే సుమారు 830 హెక్టార్లు మునుగుతాయి. అందులో దాదాపు 500 హెక్టార్లు ఆదిమ సతత హరితారణ్యం.

విద్యుత్తు కావాలన్న వాదన తేలికైనది కాదు. ఉత్తర కేరళ వెనుకబడిన ప్రాంతం. కరెంటు వస్తే పరిశ్రమలు, ఉద్యోగాలు వస్తాయన్నది ప్రజల ఆశ. మునిగే అడవి రాష్ట్రపు మొత్తం అడవిలో కొద్ది భాగమేనని, దానికి బదులు మరోచోట చెట్లు నాటవచ్చని ప్రాజెక్టు సమర్థకులు వాదించారు.

ఈ వాదనకు సమాధానం పాత అడవి స్వభావంలోనే ఉంది. నాటిన తోటలో చెట్లన్నీ ఒకే వయసువి, తరచుగా ఒకే జాతివి. పాత అడవిలో మొలక నుంచి మహావృక్షం దాకా, ఎండి నిలిచిన మాను నుంచి నేలకొరిగి కుళ్లుతున్న దుంగ దాకా అన్ని దశలూ పక్కపక్కనే ఉంటాయి. గూడు కట్టుకోవడానికి పెద్ద పక్షికి తొర్ర కావాలి. తొర్ర పడాలంటే చెట్టు ముదరాలి. అందుకు పట్టే కాలం మనిషి జీవితకాలం కంటే ఎక్కువ. సైలెంట్ వ్యాలీలోని సింహపుతోక కోతులు చెట్ల పైకొమ్మల మీదుగానే జీవితం గడుపుతాయి. ఆ కొమ్మల పందిరి తెగితే వాటి దారి కూడా తెగుతుంది.

కేరళ శాస్త్ర సాహిత్య పరిషత్, కవయిత్రి సుగతకుమారి, అధ్యాపకులు, విద్యార్థులు ఊరూరా ఈ చర్చను తీసుకెళ్లారు. సలీం అలీ స్వయంగా లోయను సందర్శించి, ప్రాజెక్టును రద్దు చేయాలని విజ్ఞప్తి చేశారు. ఆ వయసులో ఆ కొండదారి ఎక్కిన వ్యక్తి మాటకు బరువుండటానికి కారణం పురస్కారాలు కావు. పడమటి కనుమల పక్షులను 1933లోనే చెట్టు చెట్టునా లెక్కపెట్టిన మనిషి ఆయన. ఏది పోతే తిరిగి రాదో చెప్పగల అర్హత ఆయనకు ఆ లెక్క వల్ల వచ్చింది.

కేంద్రం నియమించిన ఎం.జి.కె. మీనన్ సంఘం విషయాన్ని పరిశీలించాక, 1983లో ప్రాజెక్టు ఆగిపోయింది. 1984 నవంబర్‌లో ఆ లోయ జాతీయ ఉద్యానమైంది. 1985 సెప్టెంబర్ 7న ప్రధాని రాజీవ్‌గాంధీ దానిని ప్రారంభించారు. ప్రభుత్వ ఆమోదం పొందిన భారీ ప్రాజెక్టును అడవి కోసం విరమించుకోవడం దేశంలో అరుదైన ఘట్టం.

భరత్‌పూర్ చెప్పిన పాఠం

సలీం అలీ ప్రతి నిర్ణయమూ సరైనది కాదు. భరత్‌పూర్ జాతీయ ఉద్యానమయ్యాక పశువుల మేతను నిషేధించాలని నిపుణులు సూచించారు. ఆ సూచనకు సలీం అలీ మద్దతు ఉంది. తరతరాలుగా అక్కడ గేదెలను మేపుకుంటున్న గ్రామస్థులకు ఆ నిషేధం పిడుగుపాటైంది. 1982లో అల్లర్లు చెలరేగి, పోలీసు కాల్పుల్లో కొందరు ప్రాణాలు కోల్పోయారు.

అనంతరం సొసైటీ శాస్త్రవేత్తలే ఏళ్ల తరబడి జరిపిన అధ్యయనంలో అనూహ్యమైన ఫలితం వచ్చింది. గేదెలు మేయకపోవడంతో గడ్డి విపరీతంగా పెరిగి నీటిని కప్పేసింది. దానివల్ల నీటిపక్షులకే నష్టం కలిగింది. తమ పెద్ద బలపరిచిన నిర్ణయం తప్పని ఆ సంస్థే తేల్చి, ఫలితాన్ని బయటపెట్టింది. ఆధారం ఎటు నడిపిస్తే అటు నడవాలన్న పద్ధతి సలీం అలీ నేర్పినదే. రక్షిత ప్రాంతం పక్కన బతికే మనుషులను కూడా లెక్కలో చేర్చాలన్న పాఠం మాత్రం ప్రాణనష్టం తరువాత నేర్చుకున్నది.

1985లో రాష్ట్రపతి ఆయనను రాజ్యసభకు నామినేట్ చేశారు. అదే ఏడాది ఆయన ఆత్మకథ వెలువడింది. బాల్యంలో కొట్టిన ఆ పిచ్చుకను గుర్తుచేసే పేరే దానికి పెట్టుకున్నారు. 1986 జనవరిలో కడప జిల్లా సిద్ధవటం సమీపంలోని పొదల అడవిలో సొసైటీ పరిశోధకులు, స్థానికుల సాయంతో, కలివి కోడిని తిరిగి కనుగొన్నారు. 1900 తరువాత ఎవరికీ కనిపించని పక్షి అది. ఆ వార్త ఆయనకు జీవిత చరమాంకంలో అందిన కానుక. 1987లో, 90 ఏళ్ల వయసులో, సలీం అలీ బొంబాయిలో తుదిశ్వాస విడిచారు.

దీవుల అడవి, న్యాయస్థానం

ఆయన మరణించేనాటికి అండమాన్‌లో రంపాల చప్పుడు జోరుగా ఉంది. చాథం మిల్లుతో పాటు ప్లైవుడ్ పరిశ్రమలు నడిచేవి. ప్రభుత్వ అటవీ అభివృద్ధి సంస్థ లిటిల్ అండమాన్‌లో కలప తీసేది. ఆ దీవి ఓంగే ఆదివాసుల ఆవాసం. గిరిజన రిజర్వు భూమిలో సైతం నరికివేత సాగుతోందని 1998లో మూడు సంస్థలు సంయుక్తంగా న్యాయపోరాటానికి దిగాయి. అవి పోర్ట్ బ్లెయిర్‌లోని సొసైటీ ఫర్ అండమాన్ అండ్ నికోబార్ ఎకాలజీ, పుణెలోని కల్పవృక్ష, సలీం అలీ పెంచిన బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ.

2001 నవంబర్‌లో సర్వోన్నత న్యాయస్థానం ప్రొఫెసర్ శేఖర్ సింగ్‌ను కమిషనర్‌గా నియమించింది. ఆయన దీవుల్లో పర్యటించి 2002 ఫిబ్రవరిలో నివేదిక సమర్పించారు. 2002 మే 7న న్యాయస్థానం ఉత్తర్వు ఇచ్చింది. గిరిజన రిజర్వుల్లో, జాతీయ ఉద్యానాల్లో, అభయారణ్యాల్లో చెట్ల నరికివేత నిషిద్ధమైంది. సహజ అడవి కలప దీవులు దాటి మార్కెట్‌కు పోవడానికి తెరపడింది. దీవుల ప్రజల సొంత అవసరాలకు మాత్రమే పరిమితంగా కలప తీయడానికి వీలు మిగిలింది. జారవాల ప్రాంతం గుండా వెళ్లే అండమాన్ ట్రంక్ రోడ్డును మూసివేయాలన్న ఆదేశం కూడా ఆ ఉత్తర్వులో భాగం. ఆ రోడ్డుపై వాహనాలు తిరగడం ఆ తరువాత కూడా ఆగలేదు.

తీర్పుకు మూల్యం చెల్లించినవారు దీవుల్లోనే ఉన్నారు. ప్లైవుడ్ పరిశ్రమలు మూతపడ్డాయి. కలప పనిపై ఆధారపడిన కుటుంబాలు వేరే ఉపాధి వెతుక్కోవలసి వచ్చింది. 2011 జనాభా లెక్కల ప్రకారం దీవుల్లో సుమారు 13 శాతం ప్రజల మాతృభాష తెలుగు. అడవి మిగలడం, పని పోవడం రెండూ ఈ సమాజం ఎరిగిన విషయాలే. భరత్‌పూర్ పాఠం ఇక్కడా వర్తిస్తుంది. అడవిని కాపాడే ఉత్తర్వు, ఆ అడవి పక్కన బతికేవారి జీవనోపాధి ప్రణాళిక జంటగా నడవాలి.

సలీం అలీ పేరుతో 1990లో కోయంబత్తూరులో ఏర్పడిన పరిశోధనా కేంద్రం ఈ జంట నడకకు దీవుల్లోనే ఒక ఉదాహరణ చూపింది. అండమాన్ గుహల్లో స్విఫ్ట్‌లెట్ అనే చిన్న పక్షి తన లాలాజలంతో గూడు కట్టుకుంటుంది. విదేశాల్లో ఆ గూటిని ఖరీదైన ఆహారంగా భావిస్తారు. దొంగతనంగా గూళ్లు తీయడంతో ఆ పక్షి అంతరించే దశకు చేరింది. ఆ కేంద్రం శాస్త్రవేత్తలు, అటవీశాఖ కలిసి, అంతకు ముందు గూళ్లు తీసినవారినే గుహలకు కాపలాదారులుగా నియమించారు. కాపలా ఉన్న గుహల్లో పక్షుల సంఖ్య మళ్లీ పెరిగింది.

నార్కొండం దీవిలో ఒక జాతి హార్న్‌బిల్ పక్షి ఉంది. ప్రపంచంలో మరెక్కడా అది లేదు. సంతానకాలంలో ఆడపక్షి పెద్ద చెట్టు తొర్రలోకి వెళ్లి ద్వారాన్ని మూసుకుంటుంది. మిగిలిన సన్నని చీలిక గుండా మగపక్షి పళ్లు తెచ్చి అందిస్తుంది. ముదురు చెట్టు లేకపోతే ఆ తొర్ర లేదు, ఆ జాతీ లేదు. ఈ దీవులకే పరిమితమైన నల్లని అండమాన్ వడ్రంగి పిట్టకు కూడా పెద్ద మానులున్న అడవే ఆధారం.

సలీం అలీ జన్మదినమైన నవంబర్ 12ను దేశంలో జాతీయ పక్షి పరిశీలన దినంగా జరుపుకుంటున్నారు. చాథం మిల్లు నేటికీ ఉంది, స్థానిక అవసరాలకు కలప కోస్తోంది. దానికి చుట్టూ ఉన్న కొండలపై పాత అడవీ ఉంది. తెల్లవారుజామున ఆ అడవి అంచున నిలబడి, కనిపించిన పక్షి పేరు, చోటు, తేదీ రాసిపెట్టుకునే ప్రతి విద్యార్థీ మిల్లార్డ్ ఆ బాలుడికి అప్పగించిన పనినే కొనసాగిస్తున్నట్లు. ఆ చీటీలు ఏ రోజున ఏ అడవికి సాక్ష్యంగా నిలుస్తాయో రాసేనాడు ఎవరికీ తెలియదు. హైదరాబాద్ రాజ్యపు అడవుల్లో గుడారం ముందు కూర్చుని రాసుకున్న సలీం అలీకి కూడా అది తెలియదు.